హైదరాబాద్ చలికి గప్పీల ట్యాంక్‌లో హీటర్ పెట్టాలా, వద్దా?

ఉప్పల్_గప్పీ:
అందరికీ నమస్కారం. 40 లీటర్ల ట్యాంక్, 8 గప్పీ చేపలు. డిసెంబర్ మొదలైనప్పటి నుంచి తెల్లవారుజామున నీళ్లు 19 డిగ్రీలు, మధ్యాహ్నానికి 24. పొద్దున్నే రెక్కలు ముడుచుకుని అడుగున మూలకు చేరుతున్నాయి, మేత వేసినా పైకి రావట్లేదు. షాపతను "మన ఊళ్లకి హీటరెందుకండీ" అన్నాడు. ఇంట్లో అమ్మకు నీళ్లలో కరెంటంటే భయం. ఏం చేయమంటారు?

సాగరతీరం:
నా మాట వినండి, వద్దు. మాది విశాఖ, పదేళ్లుగా పెంచుతున్నాను, ఎప్పుడూ పెట్టలేదు. ట్యాంక్‌కి మూత, రాత్రి కిటికీ మూయడం, అంతే. గోల్డ్‌ఫిష్‌కైతే అసలు అక్కర్లేదు, 20 డిగ్రీల్లో హాయిగా ఉంటాయి.

అడవిజిల్లా:
విశాఖలో సముద్రం ఉందన్నా, రాత్రికి రాత్రి అంత చల్లబడదు. మా ఆదిలాబాద్‌లో జనవరిలో 10 కంటే కిందకి పోతుంది. హైదరాబాద్ కూడా మీ ఊరిలా కాదు. గప్పీ వేడినీళ్ల చేప, 24 నుంచి 26 మధ్య ఉంచితే మంచిది. 19 ఒక్కటే కాదు సమస్య, రోజూ 5 డిగ్రీలు ఎక్కి దిగడం ఇంకా చెడ్డది. రోగాన్ని తట్టుకునే శక్తి పోతుంది. మొన్నటి చలికాలం నా చేపల తోకల మీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు వచ్చాయి. రాళ్లకేసి ఒళ్లు రుద్దుకునేవి. ఆరింటిలో రెండే మిగిలాయి. అందుకే గట్టిగా చెబుతున్నాను, పెట్టండి.

సాగరతీరం:
మా బంధువుల ఇంట్లో థర్మోస్టాట్ పట్టేసి హీటర్ ఆగలేదు. పొద్దున చూస్తే నీళ్లు 36, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒక్కటీ బతకలేదు. చలికి చేప నీరసపడుతుంది, వేడికి చచ్చిపోతుంది.

అడవిజిల్లా:
అది ఎన్ని వాట్లది? చాలామంది చేసే తప్పు అక్కడే. 200 వాట్లది ఆగకుండా కాలితే 40 లీటర్ల నీటిని పావుగంటకు దాదాపు ఒక డిగ్రీ పెంచేస్తుంది. 50 వాట్లది ఒక డిగ్రీకి గంట దాకా తీసుకుంటుంది, ఈలోగా గది చలి కూడా కొంత లాగేస్తుంది. అంటే మనకు చూసుకునే టైమ్ దొరుకుతుంది. లీటరుకు ఒక వాట్ చొప్పున లెక్కేసుకుంటే ఈ ట్యాంక్‌కి 50 చాలు. ఫిల్టర్ నీళ్లు వచ్చి తగిలే చోట పెట్టండి. హీటర్ మీది అంకెను నమ్మకండి, అవతలి మూలన వేరే థర్మామీటర్ అతికించండి. నీళ్లు మార్చే ముందు ప్లగ్ తీసి 15 నిమిషాలు ఆగండి, వేడి గాజు గాలికి బయటపడితే పగులుతుంది. అమ్మగారి భయం న్యాయమైనదే. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే స్విచ్) ఉన్న లైన్‌కే కలపండి, వైరు ప్లగ్ కంటే కిందకి వేలాడి పైకి వచ్చేలా ఉంచండి, నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్ పీకేయండి.

సాగరతీరం:
రాత్రి కరెంటు పోతే?

అడవిజిల్లా:
నీళ్లు నెమ్మదిగానే చల్లారుతాయి. పక్కలకు దుప్పటి చుట్టండి, పైన గాలి ఆడనివ్వండి.

ఉప్పల్_గప్పీ:
50 వాట్లది తెచ్చాను. ఒక్కసారిగా కాకుండా రోజుకు రెండు డిగ్రీల చొప్పున పెంచుతూ వచ్చాను. ఇవాళ పొద్దున ఆరింటికి 25. మేత వేయగానే ఆరు పైకొచ్చాయి, రెండు ఇంకా అడుగునే ఉన్నాయి. ఒంటి మీద మచ్చలైతే లేవు. సాయంత్రం మళ్లీ చూసి చెబుతాను.