బెర్లిన్‌లో అమెరికా మిక్సర్: ఎన్ని వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి?

అందరికీ నమస్కారం. అమెరికా నుంచి బెర్లిన్‌కి కాపురం మార్చిన దంపతుల కోసం అడుగుతున్నాను. వాళ్ల సామాను 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌ది (హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క). ఇక్కడి ప్లగ్గులో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద 100–240 అని ఉంది కాబట్టి పిన్ను మార్చే అడాప్టర్ చాలు. చిక్కంతా మిగతావాటితోనే.

పిండి కలిపే మిక్సర్ 325 వాట్లు. మోటారు మొదలయ్యేటప్పుడు కరెంటు బాగా ఎక్కువ లాగుతుంది గనక 500 వాట్ల స్టెప్‌డౌన్ (వోల్టేజీని దించే) ట్రాన్స్‌ఫార్మర్ బొటాబొటీగా ఉంటుందేమో. 750 చాలా, 1000 తీసుకోవాలా? గట్టి రొట్టె పిండి పది నిమిషాలు తిప్పితే వేడెక్కుతోందా? వాడినవాళ్లు చెప్పండి.

మైక్రోవేవ్ మాత్రం వదిలేయమన్నాను. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించుతుందే గానీ 50 హెర్ట్జ్‌ని 60 చేయదు. లోపలి భాగాలు కాలిపోవచ్చు, దాని గడియారం హెర్ట్జ్‌ని బట్టి నడిచే రకమైతే గంటకు 10 నిమిషాలు వెనకబడుతుంది. 1800 వాట్ల హెయిర్ డ్రయ్యర్‌కీ అంతే, ఇక్కడ కొత్తది కొనడమే చవక. (మన ఇండియా మిక్సీకి ఈ గొడవే లేదు, పిన్ను మారిస్తే తిరుగుతుంది.)

ఇంకొకటి. చవక రకాల్లో కొన్ని ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు, లోపల రెండు వైండింగులు (తీగ చుట్లు) విడిగా ఉండవు. ఇనుప బాడీ మిక్సర్, అదీ సింకు పక్కన: షాక్ భయానికి, ఎర్త్ ఉన్న ఐసోలేటెడ్ (రెండు వైండింగులూ విడివిడిగా ఉండే) రకమే తీసుకోవాలంటారా?