16 ఏళ్ల అబ్బాయికి గురక, తరగతిలో కునికిపాట్లు

ప్రశ్న (అమలాపురం):
ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి రాత్రి గట్టిగా గురక పెడుతూ, ఉన్నట్టుండి కొన్ని క్షణాలు ఊపిరి ఆగినట్టు నిశ్శబ్దమై, ఆపై ఉలిక్కిపడి గాలి పీల్చుకుంటాడు. ఉదయం తలనొప్పి, తరగతిలో కునికిపాట్లు. గురక గాఢనిద్రకు గుర్తని మా అత్తగారు అంటారు. డాక్టరుకు చూపించాలా?

జవాబు (కాకినాడ):
తప్పక చూపించండమ్మా. నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోతే రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు వెంటనే మేల్కొలుపుతుంది గనుక, ఎన్ని గంటలు పడుకున్నా నిద్ర తీరదు. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. ఈ వయసులో పెరిగిన టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనుక ఉండే టాన్సిల్ లాంటి కణజాలం), అధిక బరువు, ముక్కు అలర్జీ ముఖ్య కారణాలు. ముందు చెవి, ముక్కు, గొంతు నిపుణుని కలవండి. నిర్ధారణకు రాత్రంతా చేసే నిద్ర పరీక్ష అవసరం కావచ్చు. పెద్దలకు గంటకు 5 శ్వాస అంతరాయాల నుంచి వ్యాధిగా లెక్కిస్తే, పిల్లలకు 1 దాటినా పట్టించుకుంటారు.

జవాబు (భీమవరం):
ఆ గురకను ఫోనులో వీడియో తీసి చూపిస్తే, మాటల్లో వర్ణించే శ్రమ తప్పుతుంది. డాక్టరును అడగకుండా నిద్రమాత్రలు మాత్రం ఇవ్వకండి.

జవాబు (రాజోలు):
కౌమారంలో నిద్రవేళ సహజంగానే ఆలస్యమవుతుంది. కావలసింది 8 నుంచి 10 గంటలు. తెల్లవారుజామున స్టడీ అవర్లు పెట్టే కాలేజీలకు ఇది ఎవరు చెప్పాలో! అయితే ఊపిరి ఆగడం నిద్ర చాలకపోవడం వల్ల వచ్చేది కాదు. నిద్ర పరీక్ష అయ్యేవరకు కాలువగట్టు మీద బండి నడపనివ్వకండి.