ఈ-సైకిల్ స్పీడ్ లిమిట్ తీయించాలా? పోయిన వారం పడ్డా కూడా, కొంచెం చెప్పండి

మియాపూర్_పెడల్:
అందరికీ నమస్తే. నాకు 41. చిన్నప్పుడు ఊళ్లో కైంచి తొక్కుడుతో మొదలుపెట్టి డిగ్రీ అయ్యేదాకా సైకిలే, తర్వాత ఇరవై ఏళ్లు ముట్టుకోలే. రెండు నెలల కింద ఈ-సైకిల్ కొన్నా, వెనక చక్రంలో 250 వాట్ల మోటారు, డిస్క్ బ్రేకులు, 25 దాటగానే మోటారు కట్ అయితది. రోజూ గచ్చిబౌలి ఆఫీసుకి. ప్రాబ్లం ఏంటంటే కొండాపూర్ సైడు బండ్లన్నీ 40లో పోతుంటే నేను 25లో, వెనకాల హారన్లే హారన్లు. షాపతను "కంట్రోలర్‌లో ఒక వైరు పీకేస్తే 35 పోతది సార్, అందరూ చేయించుకుంటున్నరు" అంటున్నడు, చేయించాలా?
ఇంకోటి, పోయిన వారం పడ్డా. యూటర్న్ దగ్గర మెల్లగా తిప్పుతూ బ్యాలెన్స్ కోసం పెడల్ ఒక్కసారి ఆడించా అంతే, మోటారు ముందుకి గుంజింది, భయమేసి ముందు బ్రేక్ గట్టిగా పట్టేశా, కింద ఇసక, హ్యాండిల్ తిప్పే ఉంది, ముందు చక్రం జారి దబ్బున పడ్డా. మోచెయ్యి గీరుకుపోయింది. ఆటో ఆయన పాపం దిగొచ్చి లేపిండు, లేపి "ఇవన్నీ ఎందుకన్నా ఈ వయసులో" అని కూడా అన్నడు. తప్పు నాదా, సైకిల్‌దా?

గుంటూరు_రెండుచక్రాలు:
సగం మీది, సగం సైకిల్‌దండి. మా నాన్నది సైకిల్ షాపు, ఇప్పుడు ఈ-సైకిళ్లు కూడా వస్తున్నాయి, ఇలా పడి హ్యాండిల్ వంకర పెట్టుకుని వచ్చేవాళ్లు చాలామందే. తక్కువ రేటు వాటిలో ఉండే సెన్సర్‌కి పెడల్ తిరుగుతుందా లేదా అన్నదే తెలుస్తుంది, ఎంత బలంగా తొక్కారో తెలియదు, అందుకే మీరు కొద్దిగా కదిపినా ఎత్తు ఎక్కే మనిషి గట్టిగా తొక్కినట్టు గుంజుతుంది, ఆపాక కూడా ఒక క్షణం తోస్తుంది. తొక్కే బలాన్ని కొలిచే టార్క్ సెన్సర్ ఉన్నవి ఇలా చెయ్యవు, కాకపోతే రేటెక్కువ. మలుపుకి ముందే అసిస్ట్, అంటే మోటారు సాయం లెవెల్, ఒకటికో సున్నాకో దించెయ్యండి. చాలా సైకిళ్లకి బ్రేక్ లివర్‌లో కటాఫ్ ఉంటుంది, వెనక బ్రేక్ మీద వేలు కొంచెం ఆనించి ఉంచితే మోటారు రాదు. మన దగ్గర మామూలుగా కుడి లివర్ ముందు బ్రేక్, అయినా మీదాన్ని ఒకసారి చూసుకోండి.
ముందు బ్రేక్ చెడ్డదని కాదు, గట్టిగా ఆపేది అదే. కానీ నిటారుగా ఉన్నప్పుడు మెల్లగా మొదలుపెట్టి పిండాలి, ఇసకలో హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు పట్టారో, అంతే సంగతులు.
మీకు ఒక పని చెప్తా, స్లో సైకిల్ పోటీ గుర్తుందా, ఆగస్టు 15కి స్కూల్లో పెట్టేవాళ్లు, చివర్లో వచ్చినోడే ఫస్టు. సెల్లారులో 20 మీటర్లు కొలిచి మోటారు ఆపేసి ఆడండి, చూపు దూరంగా పెట్టి, వెనక బ్రేక్ ఆనించి తొక్కుతూ. 20 సెకన్లు కాలు కింద పెట్టకుండా పోయేదాకా వైరు సంగతి మర్చిపోండి.

కంట్రోలర్_కిరణం:
వైరు జోలికి పోకు బ్రో. మన రూల్స్‌లో 250 వాట్లు, 25 స్పీడ్ లోపల ఉంటేనే అది మోటారు వెహికల్ కాదు, లైసెన్సు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 35 అయిందంటే నీది నంబర్ ప్లేట్ లేని, ఇన్సూరెన్స్ లేని స్కూటర్, రేపు ఎవరికన్నా తగిలిస్తే ఏం చెప్తావ్. ఇంకా 25 నుంచి 35 అంటే పది పెరిగిందనుకుంటావ్, గుద్దుకుంటే ఉండే దెబ్బ మాత్రం దాదాపు డబుల్, బ్రేక్ కొట్టాక ఆగే దూరం కూడా అంతే. 25లోనే సెకనుకి 7 మీటర్లు పోతావ్, కుక్క అడ్డం వచ్చిందని నీ బుర్రకి ఎక్కేలోపే ఒక కారు పొడవు దాటేసి ఉంటావ్ 😅

డెల్ఫ్ట్_తెలుగోడు:
నెదర్లాండ్స్‌లో ఉంటాను. ఇక్కడ కూడా మామూలు ఈ-బైక్‌కి 25తోనే మోటారు ఆగిపోతుంది. 45 దాకా పోయేవి వేరే ఉన్నాయి, 2017 నుంచి వాటిని మోపెడ్ కింద లెక్కేసి నంబర్ ప్లేట్, హెల్మెట్ తప్పనిసరి చేశారు. పిల్లలకి ప్రైమరీ స్కూలు చివర్లో రోడ్డు మీద సైకిల్ పరీక్ష ఉంటుంది, వెనక్కి తల తిప్పి చూసి, ఒక చెయ్యి చాపి, అప్పుడు తిరగాలి, మా పాప వారమంతా ప్రాక్టీస్ చేసింది. తల తిప్పగానే మనకి హ్యాండిల్ కూడా అటే పోతుంది, అది పోకుండా నిలబెట్టడమే అసలు పని. నాకు 36 ఏళ్లకి వచ్చింది అది, సిగ్గులేకుండా చెప్తున్నా.

సికింద్రాబాద్_గేరు:
అందరూ స్లో స్లో అంటున్నరు, నేను ఒప్పుకోను పూర్తిగా. గ్రీన్ సిగ్నల్ పడ్డప్పుడు ఊగుకుంటూ లేచేదానికన్నా మోటారుతో టక్కున ముందుకి పోతేనే బస్సు కంట్లో పడ్తవ్. 25 తక్కువేం కాదు. అసలు గడబిడ ఎక్కడంటే ఆటోవాళ్లు నీ కాళ్లు మెల్లగా తిరుగుడు చూసి "సైకిలే కదా" అని ముందు నుంచి కట్ కొడ్తరు, నువ్వేమో 25లో ఉంటవ్. వాని ముఖం చూడకు, ముందు టైరు చూడు, టైరు తిరిగితే వాడు తిరిగినట్టే. ఆగి ఉన్న కార్లకి మీటరు దూరం, డోర్ తీస్తరు. హారన్ కొడ్తున్నరని ఎడమకి మరీ అంచుకి పోకు, అక్కడ ఉండేది ఇసక, మ్యాన్‌హోల్ మూతలే. మెయిన్ రోడ్డు వదిలి కాలనీ గల్లీల నుంచి పో, రెండు కిలోమీటర్లు ఎక్కువైతే మోటారే కదా తొక్కేది.
ఆదివారం పొద్దున ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ ఉంది చూడు, 23 కిలోమీటర్లు, 2023లో తెరిచిండ్రు, బ్రేకులు అలవాటు చేసుకోడానికి మస్తుంటది. అక్కడ ఆటోలుండవు కాబట్టి వచ్చేసిందనుకుంటవ్, సోమవారం తెలుస్తది 😂

మియాపూర్_పెడల్:
థాంక్స్ అందరికీ, వైరు పీకించట్లేదు. నాలుగు రోజుల నుంచి సెల్లారులో 20 మీటర్లు ఆడుతున్నా. మొదటి రోజు 11 సెకన్లకే కాలు పెట్టేశా, ఇప్పుడు 17. మా చిన్నోడు వాడి గేర్ సైకిల్ మీద 22. నిన్న మా వాచ్‌మన్ కాసేపు చూసి, లుంగీ ఎగ్గట్టి, క్యారేజీ మీద నీళ్ల క్యాన్ ఉన్న పాత అట్లాస్‌నే తెచ్చి తొక్కిండు. 34. క్యాన్ కూడా దించలే.