ఘాజీ ఎలా మునిగిందని అడిగితే దేశభక్తి లేనట్టా?

నాగావళి (శ్రీకాకుళం):
మొన్న నేవీ డేకి మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒకాయన, 1971లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని విశాఖ దగ్గర మన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచేసిందని పెట్టారు. "లోపలి పేలుడు వల్ల మునిగిందని కూడా అంటారండీ, ఇంకా తేలలేదు" అన్నాను. అంతే, "పాకిస్తాన్ పాట పాడుతున్నావు" అని తిట్టి గ్రూపులోంచి తీసేశారు. మీరేమంటారు?

చీపురుపల్లి:
తీసేయడం తప్పే. కానీ వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. మా నాన్న నేవీలో చేశారు. ఆ రాత్రి రాజ్‌పుత్‌లో ఉన్నవాళ్ళు, బయట శత్రు సబ్‌మెరైన్ పొంచి ఉండొచ్చని తెలిసే హార్బర్ దాటారు. నీళ్ళలో కదలిక కనపడగానే డెప్త్ చార్జీలు (నీళ్ళ లోతులో పేలే బాంబులు) వేశారు. కాసేపటికే తీరంలో ఇళ్ళ అద్దాలు అదిరేంత పేలుడు. ఇంకేం సాక్ష్యం కావాలి? "మీరు ముంచలేదు, ప్రమాదంలో పోయింది" అని పాకిస్తాన్ మొదటి నుంచీ అంటోంది. అదే మాట మనవాళ్ళే అంటే ఆ ఓడలో పనిచేసినవాళ్ళ ఇళ్ళలో ఎలా ఉంటుందో ఆలోచించండి.

రాజాం:
డెప్త్ చార్జీల దెబ్బకే ఘాజీ లోపలున్న మైన్లు (సముద్రంలో అమర్చే మందుపాతరలు) పేలి ఉండొచ్చు కదా. రెండూ నిజం కాకూడదని ఏముంది?

నాగావళి:
చీపురుపల్లి గారూ, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. రాజ్‌పుత్ వాళ్ళ ధైర్యం మీద నాకు ఏ అనుమానమూ లేదు. కానీ ప్రమాదం అన్నది పాకిస్తాన్ ఒక్కటే కాదు. అప్పుడు మన ఆర్మీ తూర్పు కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జాకబ్ కూడా అలాగే అన్నారు. ఢాకా వెళ్ళి పాకిస్తాన్ జనరల్ నియాజీని లొంగుబాటుకు ఒప్పించిన మనిషి ఆయన. ఆయనకీ దేశభక్తి లేదందామా?

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఎవరి బాంబుకి మునిగిందన్న గొడవలో పడి అసలు గెలుపుని మర్చిపోతున్నాం. ఘాజీ నవంబర్ 14న కరాచీలో బయల్దేరింది మన విమాన వాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌కి అప్పటికే బాయిలర్ పాడై స్పీడ్ తగ్గింది, దొరికితే కష్టమే. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దాన్ని అండమాన్ వైపు పంపేసి, విశాఖలోనే ఉన్నట్టు నాటకం ఆడించారు. కాంట్రాక్టర్లకి ఒక పెద్ద నౌకాదళానికి సరిపడా మాంసం, కూరగాయలు ఆర్డర్ పెట్టించారు, ఆ కబురు గూఢచారుల చెవిన పడాలని. రాజ్‌పుత్ నుంచి విక్రాంత్ పేరు మీద సిగ్నల్స్ పంపించారు. అందులో ఒకటి, ఎవరో నావికుడు తన తల్లికి ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నట్టు! వింటున్నవాడికి అంతకన్నా నమ్మకం కలిగించేది ఏముంటుంది? ఘాజీ విశాఖ ముందు కాపు కాసింది, అక్కడే మునిగింది. డిసెంబర్ 4న విక్రాంత్ విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. సబ్‌మెరైన్ మైన్ తగిలి పోయినా, డెప్త్ చార్జీతో పోయినా ఈ గొప్పతనం ఒక్క పిసరు తగ్గదు.

రాజాం గారి మాట నిజం కావచ్చు. అది తేలాలంటే కాగితాలు ఉండాలి. ఘాజీ మీద నౌకాదళం దగ్గరున్న రికార్డులు ధ్వంసమైపోయాయని 2010లో పత్రికల్లో వచ్చింది. దేశం మీద ప్రేమ ఉన్నవాళ్ళకి మండాల్సింది ఇక్కడ, నేను అడిగిన ప్రశ్న మీద కాదు.

చీపురుపల్లి:
రికార్డుల సంగతి ఒప్పుకుంటాను, అది దారుణం. కానీ కాగితాలు లేనప్పుడు మనవాళ్ళ మాటే నమ్మితే తప్పేంటి? కోరుకొండ సైనిక్ స్కూల్ పిల్లలకి "ఏమో, తేలలేదు" అని చెప్తామా?

నాగావళి:
తప్పకుండా చెప్పాలి. రేపు వాళ్ళలో కొందరు ఆఫీసర్లవుతారు. జరిగింది జరిగినట్టు రాసి దాచడం వాళ్ళకి ఇప్పటి నుంచే అలవాటు కావాలి. తేలనిదాన్ని తేలిందని నేర్పితే, తర్వాత ఇంకోచోట చదివి తెలుసుకున్న రోజున కృష్ణన్ పన్నిన ఎత్తు కూడా కట్టుకథే అనుకుంటారు.

నాన్నగారు ఒప్పుకుంటే ఆ రోజుల గురించి తోటివాళ్ళ దగ్గర విన్నవి ఫోన్‌లో రికార్డు చేయండి. తేదీ, ఎవరు చెప్పారో కూడా పెట్టండి. మా వైపు కూడా 1971లో పనిచేసినవాళ్ళు కొద్దిమంది ఉన్నారు, నేను వాళ్ళని అడుగుతాను.