అర్థమైందా అంటే అందరూ అయింది అంటారు, టెస్టు పెడితే ఏమీ రాదు - ఏం చెయ్యాలి?

లెక్కల సారు, కాశీనగర్:
అందరికీ నమస్కారం అండి. మాది ఒడిశాలో గజపతి జిల్లా, ఒడియా మీడియం స్కూల్లో ఆరు ఏడు తరగతులకి లెక్కలు చెప్తాను. క్లాసుకి యాభై మంది దాకా ఉంటారు, సగానికి పైన ఇంట్లో తెలుగు మాటాడే గుంటలే, కొందరు సవర గిరిజన పిల్లలు, మిగతావాళ్ళు ఒడియా. దశాంశాలు చెప్పడం అయ్యాక బుఝిలొ (అర్థమైందా) అని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో హఁ సార్ అంటారు, తీరా టెస్టులో 0.7 పెద్దదా 0.35 పెద్దదా అంటే చాలామంది 0.35 అని రాసీసినారు, ఎందుకురా అంటే ఏడు కన్నా ముప్పై ఐదు పెద్దది కదా సార్ అంటున్నారు. ఏం అడిగినా ముందు బెంచీలో ఆ నలుగురైదుగురే చెయ్యెత్తుతారు, వెనకవాళ్ళు తల దించీసుకుంటారు. అది మొండితనం కాదు, నోరు తెరిస్తే ఒడియా తప్పు పోతుందేమోనన్న భయం అనిపిస్తుంది. టెస్టు దాకా ఆగకుండా ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో అప్పటికప్పుడు ఎలా పట్టుకోవాలి? ప్రొజెక్టర్లు, యాప్‌లు లాంటివి మా దగ్గర లేవు, సిలబస్ కూడా టైముకి అవ్వాలి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గుణుపురం టీచరమ్మ:
సార్, ముందు ఆ అర్థమైందా అన్న ప్రశ్న మానీయండి. కాలేదంటే తిడతారని ఎవరైనా అయిందనే అంటారు. పలకలు తెప్పించండి, లేకపోతే రఫ్ నోటు చివరి పేజీ చాలు. బోర్డు మీద ప్రశ్న రాయండి, ఎవరూ మాటాడకుండా రాసుకోవాలి, మీరు ఎత్తండి అన్నాక పలకలన్నీ ఒక్కసారే లేవాలి. ఒకరి తర్వాత ఒకరు ఎత్తితే మాత్రం ఫస్టొచ్చే పిల్ల పలక చూసి మిగతావాళ్ళు చెరిపేసుకుంటారు.

అసలు కష్టం పలకలతో కాదు, ప్రశ్న ఎంచుకోవడంలో ఉంది. మీ 0.7, 0.35 మంచి ప్రశ్నే గానీ అదొక్కటే అడిగితే సరిపోదు. దశాంశాల్లో పిల్లలు రెండు రకాలుగా తప్పు పడతారు. కొందరికి చుక్క తర్వాత అంకెలు ఎక్కువుంటే పెద్ద సంఖ్య, మీవాళ్ళు ఈ రకం. ఇంకొందరు పదోవంతు కన్నా వందోవంతు చిన్నది అన్న మాట సగం విని అంకెలు తక్కువున్నదే పెద్దదని పట్టుకుంటారు, వాళ్ళు 0.7 అని కరెక్టుగానే రాస్తారు, వచ్చేసిందనుకుని మనం ముందుకెళ్ళిపోతాం. అందుకే దాని వెంటనే 0.6, 0.75 కూడా ఇవ్వండి. ఇందులో మొదటి రకం వాళ్ళకి రైటొస్తుంది, రెండో రకం దొరికిపోతారు. రెండూ కలిపి చూస్తే ఎవరి తల్లో ఏముందో పలకల మీదే కనిపిస్తుంది.

తప్పు దొరికాక గళ్ళ నోటులో పదికి పది గళ్ళ చదరం గీయించి 0.7కి ఏడు వరసలు, 0.35కి మూడు వరసలు ఇంకో ఐదు గళ్ళు రంగు వేయించండి, ఏది పెద్దదో వాళ్ళే చెప్తారు. రూపాయి పైసల్లో చెప్తే ఇంకా తొందరగా వస్తుంది కానీ 0.125 దగ్గరకొచ్చేసరికి పైసలు పనికిరావు, నా మట్టుకు గళ్ళే నయం.

ప్రాణహిత ఒడ్డు:
నమస్తే సార్, నాది మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా సిరొంచ దిక్కు, మరాఠీ మీడియం. మా తాన గూడ గిదే తీరు, ఇంట్ల తెలుగు, కొందరి ఇండ్లల్ల మాడియా అనే గిరిజన భాష, బడిల మరాఠీ. మేడమ్ చెప్పిన పలకలు మస్తు పనిచేస్తయి, దానికి ఇంకోటి కలుపుతున్న. ప్రశ్న అడిగినంక ఆగాలె. మేరీ బడ్ రో అని అమెరికాల ఒక పరిశోధకురాలు 1970లల్లనే క్లాసులు రికార్డు చేసి చూసింది, టీచర్లు ప్రశ్న అడిగి ఒక్క సెకను అటిటుగనే ఆగుతున్నరు, అంతల జవాబు రాకపోతే ఇంకొకల్లను అడుగుడో తామే చెప్పుడో. 3 సెకన్లు ఆగితే జవాబులు పొడుగైనయి, అసలు జవాబే చెప్పని పిల్లలు తగ్గిండ్రు. మన పిల్లలు మరాఠీలనో ఒడియాలనో విని, ఇంటి భాషల ఆలోచించి, మళ్ల బడి భాషలకు మార్చుకొని చెప్పాలె కదా, వాళ్లకు 3 సెకన్లు గూడ చాలయి. మనసుల పది లెక్కపెట్టుకోండ్రి. ఇగ చేతులెత్తుడు బందు చేసి, పేర్లు రాసిన చీటీలు డబ్బాల ఏసి తీయండ్రి, ఎవరి పేరు వస్తదో తెల్వదు కాబట్టి అందరు ఆలోచిస్తరు. ప్రశ్న ముందు అడిగి, ఆగి, చీటీ తర్వాత తీయాలె, పేరు ముందే పిలిస్తే మిగతోళ్లు ఇనుడే బందు చేస్తరు.

రిటైర్డ్ హెడ్మాస్టర్, పర్లాకిమిడి:
బాబూ, చీటీల విషయంలో ఒక్క మాట. ఒడియా అంతంతమాత్రంగా వచ్చిన సవర పిల్లాణ్ణి చీటీ తీసి ఒక్కసారిగా లేపితే వాడు మర్నాడు బడికి రాడు, అలాంటివాళ్ళని చూసేను. చీటీ తీసే ముందు రెండు నిమిషాలు పక్కవాడితో మాటాడుకోనివ్వండి, వాళ్ళకి ఏ భాష వస్తే ఆ భాషలోనే. తర్వాత నువ్వు చెప్పు అనకుండా మీ ఇద్దరూ ఏమనుకున్నారు అని అడగండి. తెలీదు అంటే కోప్పడొద్దు, ఇంకొకళ్ళ జవాబు విన్నాక మళ్ళీ ఆ పిల్లాడి దగ్గరకే వచ్చి వాడి మాటల్లో చెప్పించండి, లేకపోతే తెలీదు అంటే తప్పించుకోవచ్చని అలవాటైపోతుంది. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే స్కూలు మాస్టారుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ళ భాషలోనే బడులు నడిపేరు. ఇంటి భాషలో మాటాడితే చదువు పాడవుతుందని ఇప్పటికీ కొందరు టీచర్లు నోళ్ళు మూయిస్తుంటే బాధేస్తుంది.

లెక్కల సారు, కాశీనగర్:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. గుణుపురం మేడమ్, 0.6, 0.75 ఈరోజే అడిగేను, మీరన్నట్టే రెండో రకం కూడా బయటపడ్డారు, అందులో ముందు బెంచీ పిల్ల ఒకర్తుంది! ఇంకో డౌటు. యాభై నోటుబుక్కులు రోజూ దిద్దడం నావల్ల కావట్లేదు, మా స్కూల్లోనేమో ప్రతీదానికి మార్కులు వెయ్యాలంటారు, పేరెంట్స్ కూడా ఎన్నొచ్చాయి అనే అడుగుతారు.

బరంపురం సైన్స్:
రోజూ అన్ని నోట్సులూ దిద్దక్కర్లేదండి. బెల్లు కొట్టడానికి ఐదు నిమిషాల ముందు ఒక్కటే ప్రశ్న ఇచ్చి చింపిన కాగితం ముక్క మీద రాయించి గుమ్మం దగ్గర తీసుకోండి. స్టాఫ్ రూములో దిద్దొద్దు, మూడు కట్టలు చెయ్యండి చాలు, వచ్చినవాళ్ళు, కొంచెం తేడా పడ్డవాళ్ళు, అసలు రానివాళ్ళు, పది నిమిషాల పని. మర్నాడు క్లాసు ఎక్కడ మొదలెట్టాలో మూడో కట్ట చెప్తుంది. అది లావుగా ఉంటే పాఠం మళ్ళీ వేరేలా చెప్పాలి, సిలబస్ ఒకరోజు వెనకపడినా పర్లేదు, రాని దశాంశాల మీద శాతాలు చెప్పుకుంటూ పోతే తర్వాత ఇంకా ఎక్కువ రోజులు పోతాయి. సన్నగా ఉంటే వాళ్ళని ముందుకి పిలిచి కూర్చోబెట్టుకోండి, మిగతావాళ్ళకి లెక్కలివ్వండి.

మార్కుల సంగతికొస్తే, రూత్ బట్లర్ అనే ఆవిడ 1988లో ప్రచురించిన పరిశోధనలో ఏం తప్పో ఎలా సరిచేసుకోవాలో మాత్రమే రాసిచ్చిన పిల్లలు మెరుగుపడ్డారు, మార్కు వేసినవాళ్ళు పడలేదు, మార్కు పక్కన కామెంటు రాసినా పడలేదు, అంకె కనపడగానే పిల్లలు కింద రాసింది చదవరన్నమాట. రిజిస్టర్‌లో మార్కులు మామూలుగానే వేసుకోండి, పేరెంట్స్‌కి చూపించండి. పిల్లాడి చేతికిచ్చే పేపర్ మీద మాత్రం అంకె వెయ్యకుండా తప్పున్న లైను పక్కన చుక్క పెట్టి ఇవ్వండి, పక్కవాడితో కలిసి తప్పేంటో వెతికి మళ్ళీ చెయ్యమనండి. అది అయ్యాక మార్కు చెప్పండి.