కిరసనాయిల్ బ్లో ల్యాంపు ఉంచాలా, గ్యాస్ గన్నుకి మారిపోవాలా?

గుణుపురం_కళాయి:
అందరికీ నమస్కారం. మాది గుణుపురంలో చిన్న కొట్టు. ఇత్తడి, రాగి సామాన్లకి మాట్లు వేస్తాం, కళాయి పూస్తాం, పెళ్లిళ్ల రోజుల్లో గుండిగలు బాగుచేస్తాం. పనంతా నాన్నగారి నాటి ఇత్తడి బ్లో ల్యాంపు మీదే, అదే, పంపు కొడితే కిరసనాయిలుతో బుస్సుమని మంట చిమ్మేది. ఆదివారం పొద్దున్న మాత్రం అది మా కొట్లో ఉండదు. తలకాయలు, కాళ్లు కాల్చుకోవడానికి పక్క మటన్ కొట్టతను పట్టుకుపోతాడు.

ఇప్పుడు మా అబ్బాయి ఆ ల్యాంపుని పాత ఇత్తడి కింద తూకానికి వేసేసి 5 కిలోల సిలిండరు, గ్యాస్ గన్ను కొందామంటున్నాడు. కిరసనాయిలు దొరకదు, దొరికినా ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, వెలిగించేలోగా గిరాకీ వెళ్లిపోతాడు, ఇదీ వాడి గోల. మటన్ కొట్టతనేమో గ్యాసుకి ఆ ఊపు రాదంటాడు. అతని దగ్గర కొనేవాళ్లేమో తలకాయ కిరసనాయిలు కంపు కొడుతోందని అతనితో పోట్లాట. రెండూ వాడినవాళ్లు చెప్పండి.

జయపురం_కూలింగ్:
మీ అబ్బాయి మాటే రైటు గురువుగారూ. నేను ఫ్రిజ్‌లు, ఏసీలు చేస్తాను. రాగి గొట్టాలు అతకడం రోజూ ఉండే పనే. అటక మీదో, కిటికీ చువ్వల అవతలో ఒంటి చేత్తో పట్టుకుని చెయ్యాలి. అక్కడ బ్లో ల్యాంపు ఎక్కడ పెట్టను? గన్ను నాబ్ తిప్పితే వెలుగుతుంది, జాయింటు అవగానే కట్టేస్తాను. సన్న మంట కావాలంటే సన్నగా వస్తుంది. ల్యాంపులో మంట బాగా తగ్గించారంటే బర్నరు చల్లబడుతుంది. అది చల్లబడితే కిరసనాయిలు ఆవిరి కాదు. ఇంక తుంపర్లు, పసుపు మంట, గోడంతా మసి.

ఒక్క మాట. ఇంటికి వచ్చే 14.2 కిలోల సిలిండరు కొట్లో పెట్టకండి, పట్టుకుంటే కేసు. 5 కిలోలదో 19 కిలోల కమర్షియలో తీసుకోండి.

పర్లాకిమిడి_ఫిట్టరు:
కూలింగు తమ్ముడు తన పనికి నిజమే చెప్పాడు. గొట్టం జాయింటుకి గన్నే మేలు. కళాయి పని వేరు. గుండిగ అడుగు అంతా ఒకే వేడికి రావాలి, తగరం కరగాలి, నవాసారం పొగలు రావాలి, దూదితో తిప్పేలోగా చల్లారకూడదు. తగరం కరిగేది 232 డిగ్రీలకే. అంటే కావలసింది మహా వేడి కాదు, వెడల్పాటి నిలకడైన సెగ. వేడి మించితే తగరం పసుపు తిరుగుతుంది, మళ్లీ మొదటికి. చిన్న గన్ను సూదిమంట ఒకచోట కాల్చేస్తుంది, జానెడు అవతల పచ్చిగా ఉంటుంది.

అసలు ఈ ల్యాంపు ఎలా నడుస్తుందో తెలిస్తే సగం గొడవ తీరుతుంది. ట్యాంకులో ముప్పావు దాకా కిరసనాయిలు, పైన ఖాళీ. పంపు కొడితే ఆ ఖాళీలో గాలి బిగుస్తుంది, బిగిసిన గాలి కిరసనాయిలుని గొట్టంలోకి తోస్తుంది. ఆ గొట్టం తిన్నగా నిప్పిల్‌కి పోదు, బర్నరులో మంట సెగ తగిలేచోట చుట్టు తిరిగి వస్తుంది. ఆ చుట్టులోనే కిరసనాయిలు ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి నిప్పిల్ బెజ్జంలోంచి దూసుకొస్తూ పక్క కన్నాల్లోంచి గాలిని లాక్కుంటుంది. అలా గాలి కలిసిన ఆవిరి మండితేనే నీలం మంట. వెలిగాక తనకి కావలసిన ఆవిరి తనే చేసుకుంటుంది. మొదటి సెగ మాత్రం మనం ఇవ్వాలి, గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగించేది అందుకే. ఇంట్లో పంపు స్టవ్వు చూసినవాళ్లకి ఇదేం కొత్త కాదు.

స్వీడన్‌లో కార్ల్ రిచర్డ్ నైబర్గ్ 1882లో సొంతంగా ఈ ల్యాంపుల తయారీ మొదలుపెట్టాడు. 1892లో వచ్చిన ప్రైమస్ స్టవ్వుదీ ఈ దారే. ఆ నైబర్గ్ తర్వాత విమానం పిచ్చిలో పడి, దానికి ఈగ అని పేరు పెట్టి ఏళ్లకేళ్లు తంటాలు పడ్డాడు. అది గెంతింది గాని సరిగ్గా ఎగరలేదు. ల్యాంపు మాత్రం గుణుపురం దాకా వచ్చింది.

ఇక కంపు సంగతి. స్పిరిట్ పూర్తిగా మండకుండానే తొందరపడి పంపు కొడతారు. చల్లటి బర్నరులోంచి పచ్చి కిరసనాయిలు తుంపర్లుగా వస్తుంది. దాన్ని అలాగే తలకాయ మీదికి తిప్పితే కంపు కొట్టక ఏం చేస్తుంది? ఆ మటన్ కొట్టతను ఎలా వెలిగిస్తున్నాడో ఓసారి పక్కన నిలబడి చూడండి.

బరంపురం_వదిన:
అన్నయ్యగారూ, మీ ల్యాంపు పాఠం బాగుంది. కానీ తినేది మేము. ఆదివారం మార్కెట్లో కొట్టువాడు స్పిరిట్ చల్లారేదాకా ఆగుతాడా? ముందు పదిమంది నిలబడి ఉంటారు. తెచ్చిన తలకాయ పసుపు రాసి ఎన్నిసార్లు కడిగినా, పులుసు మరిగేసరికి కిరసనాయిలు ముక్కుకి కొడుతుంది. గ్యాసుతో కాల్చే కొట్టు మా వీధి చివర ఒకటుంది, అక్కడ ఈ బాధ లేదు. మా అమ్మమ్మగారింట్లో ఎండుగడ్డి మంటమీద కాల్చేవారు. ఆ రుచి ఈ రెండింటికీ రాదు, అది వేరే మాట.

రాయగడ_బుల్లోడు:
ఏటి పెద్దాయనా, కిరసనాయిలు దొరకదని బెంగెందుకు? అందులో కాస్త పెట్రోలు కలిపేయండి. స్పిరిట్ అక్కర్లేదు, గబుక్కున అంటుకుంటాది. మా దగ్గర వెల్డింగు కొట్టు పక్కన ఒకాయన అలాగే చేస్తన్నాడు.

పర్లాకిమిడి_ఫిట్టరు:
ఒరే నాయనా, ఆ సలహా ఇంకెవరికీ చెప్పకు. ఆయన ఇన్నాళ్లూ బతికిపోయాడంతే.

కిరసనాయిలు ఆవిరి నిప్పంటుకోవాలంటే దాన్ని 35, 40 డిగ్రీల దాకా వేడి చెయ్యాలి. పెట్రోలుకి సున్నాకి 40 డిగ్రీలు కిందనున్నా చాలు. కిరసనాయిలు ల్యాంపులో చుట్టు గొట్టం అంత పొడుగ్గా పెట్టింది కిరసనాయిలు మొండిది గనక. అందులోకి పెట్రోలు వెళ్తే ఆవిరి అవసరానికి మించి తయారవుతుంది, మంట తన్నుకొస్తుంది, ఆ సెగకి ట్యాంకు వేడెక్కుతుంది, ట్యాంకు వేడెక్కితే లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ట్యాంకు అడుగు టంకంతో అతికినదైతే మామూలు టంకం 183 డిగ్రీలకి మెత్తబడడం మొదలు. పెట్రోలు ల్యాంపులని వేరే ఉండేవి. వాటి గొట్టం, బర్నరు కట్టుబడే వేరు. ఏ నూనె కోసం కట్టిన ల్యాంపులో ఆ నూనే పొయ్యాలి. డీజిలూ వద్దు. పేలదు గాని చుట్టులో బొగ్గు పట్టించి చంపుతుంది.

ఇంకొకటి, వేసవి గురించి. మే నెలలో మన పక్క 42 డిగ్రీల ఎండ మామూలే. ఆ ఎండలో డబ్బా పెట్టి కిరసనాయిలు పోస్తే, అదీ పెట్రోలు లాగే ఆవిరి వదలడం మొదలెడుతుంది. నీడన పొయ్యండి, ల్యాంపు చల్లారాకే పొయ్యండి, పక్కన బీడీ వద్దు.

రాయగడ_బుల్లోడు:
సరే సరే. ఆయనికి చెప్తాను. వినడు గాని చెప్తాను.

జయపురం_కూలింగ్:
పెద్దాయన మాటల్లోనే నా వాదన ఉంది. ఇన్ని జాగ్రత్తలు ఎవరు పడతారు? మీ నైబర్గ్ ల్యాంపుల్ని ఊరూరా అమ్మింది సీవర్ట్ అనే ఆయన. ఇప్పుడా సీవర్ట్ పేరుతో వచ్చేవి గ్యాస్ టార్చీలు. అమ్మినవాళ్లే మారారు, మనకేం పట్టుదల?

పర్లాకిమిడి_ఫిట్టరు:
వాళ్లు మారింది వాళ్ల దేశంలో ప్రొపేన్ దొరుకుతుంది గనక. చలి దేశం, అయినా ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరి అవుతుంది. మన బజార్లో గన్నుకి తగిలించే చిన్న డబ్బాల్లో ఎక్కువగా బ్యూటేన్. అది సున్నా దగ్గరే మొండికేస్తుంది. గ్యాసుకి జాగ్రత్తలు అక్కర్లేదని ఎవరు చెప్పారు? ఎల్పీజీ గాలికంటే బరువు. ట్యూబు పగిలి కారితే పైకి పోదు, కొట్టు నేలమీద పేరుకుని నిప్పు కోసం కూచుంటుంది. గుణుపురం వారి కొట్లో కొలిమి కూడా ఉండే ఉంటుంది, అవునా?

గుణుపురం_కళాయి:
ఉందండి, బొగ్గు కొలిమి. తిత్తి పోయి ఇప్పుడు కరెంటు బ్లోయరు.

సెమిలిగుడ_టెంటుహౌస్:
చలి మాట వచ్చింది గనక చెప్తున్నాను. మాది సెమిలిగుడ. కోరాపుట్ కొండమీద దగ్గర దగ్గర 900 మీటర్ల ఎత్తు. డిసెంబరు తెల్లారగట్ల వంటకి లేస్తే గ్యాస్ సిలిండరు ఒళ్లంతా చెమట, తర్వాత మంచు. పెద్ద మంట పెట్టి ఎక్కువసేపు లాగితే 5 కిలోలది తొందరగా చతికిలబడుతుంది. లోపల గ్యాసు ఆవిరి అవుతూ తన వేడే తను తినేస్తుంది. డబ్బా గన్నులైతే మరీ ఘోరం. వెలిగించిన వెంటనే తలకిందులు చేస్తే ద్రవం వచ్చి బారెడు పసుపు మంట లేస్తుంది, మా కుర్రాడి కనుబొమలు కాలాయి. 19 కిలోలది పెట్టుకుంటే బాధ లేదు, దాన్ని మోసేవాడు కావాలి. గుణుపురం కిందనుంది కదా, మీకింత చలి రాదు.

కిరసనాయిలు మాకూ కష్టమే. రేషన్‌లో వచ్చే నీలంది కొట్టు పనికి వాడకూడదు. అది వంటకీ దీపానికీ తప్ప మరో పనికి వాడకూడదని కేంద్రం 1993లోనే ఉత్తర్వు ఇచ్చింది. నూనెలో తేడా ఏం లేదు, రంగే తేడా. తెల్లది కొనాలి, ధర మీకు తెలిసిందే.

బరంపురం_వదిన:
మీ మగవాళ్ల పోట్లాటలో తలకాయ మాడిపోతోంది. నా ప్రశ్నకి జవాబు చెప్పండి: పసుపు మంటతో కాల్చిన తలకాయ తినొచ్చా, తినకూడదా? మసి పట్టి ఇస్తాడు, గోకితే నల్లగా వస్తుంది.

పర్లాకిమిడి_ఫిట్టరు:
గోకి, కడిగి తింటే ఒక్కరోజుకి ఏమీ కాదు చెల్లెమ్మా. కానీ మసి మంచిది కాదన్నమాట నిజం, అందులో కేన్సరు తెచ్చే పదార్థాలు ఉంటాయి. అది కిరసనాయిలు మసికే కాదు, నీ అమ్మమ్మగారి ఎండుగడ్డి పొగకీ వర్తిస్తుంది. అందరికంటే పాపాత్ములు పాత టైర్లు కాల్చి ఆ మంటమీద పెట్టేవాళ్లు. అలాంటి కొట్టు కనబడితే దండం పెట్టి వచ్చెయ్యి. ల్యాంపైనా, గన్నైనా మంట నీలంగా, నిలకడగా, శబ్దం బుస్సుమని ఒకే తీరుగా ఉంటేనే మాంసం మీదికి తిప్పాలి.

బరంపురం_వదిన:
అయితే తినేవాళ్ల తరఫున నా ఓటు గ్యాసుకే. పొరపాటు చేసినా కంపు కొట్టదు. పనిలో తొందర తప్పనప్పుడు, తొందరపడినా పాడుకానిదే మంచిది. ఎండుగడ్డి రుచి మాట మాత్రం వెనక్కి తీసుకోను.

జయపురం_కూలింగ్:
వదినగారికి నమస్కారం. నేను ఇంతసేపూ చెప్పలేకపోయింది ఒక్క ముక్కలో చెప్పేశారు.

పర్లాకిమిడి_ఫిట్టరు:
ఈ ముక్క నేనూ కాదనను. మాంసం కొట్టుకి గ్యాసే. కానీ ప్రశ్న అడిగింది కళాయి కొట్టాయన.

గుణుపురం_కళాయి:
అందరికీ దండాలు. రాత్రి మా అబ్బాయిని కూచోబెట్టి అంతా చదివించాను. గ్యాస్ గన్ను కొంటున్నాం, 5 కిలోల సిలిండరుతో. చెంబులు, బిందెల చెవులు, చిన్న మాట్లు దానిమీద. సిలిండరు కొలిమికి దూరంగా, గుమ్మం బయట అరుగు మీద. గుండిగల పని మాత్రం ల్యాంపుతోనే సాగుతుంది, తూకానికి వెయ్యడంలేదు. వాడు మొహం మాడ్చుకున్నాడు గాని ఒప్పుకున్నాడు. పక్కతనికి ఇకమీదట ల్యాంపు ఇవ్వనని చెప్పేశాను, తన గన్ను తనే కొనుక్కుంటాడు. కాస్త కోపం వచ్చింది, రెండు రోజుల్లో అదే పోతుంది.

ఒక సందేహం ఉండిపోయింది. ఈమధ్య ల్యాంపు పంపు కొడితే చేతికి బిగువు తగలట్లేదు, గాలి నిలవట్లేదు. నిప్పిల్‌లో పిన్ను పెట్టి తీస్తే మంట పసుపుగా వస్తోంది. రెండూ ఒకటే జబ్బా?

పర్లాకిమిడి_ఫిట్టరు:
రెండు జబ్బులు. పంపు బిగువు లేకపోతే లోపలి తోలు వాషరు ఎండిపోయి ముడుచుకుంది. విప్పి మెషిన్ ఆయిల్‌లో రాత్రంతా నానబెట్టి, అంచులు వేళ్లతో విప్పార్చి వెయ్యండి. అప్పటికీ గాలి వెనక్కి వచ్చి పంపు కాడ తనంతట తనే పైకి లేస్తుంటే, పంపు అడుగునున్న వాల్వు చూడండి, దాని బిళ్ల అరిగి ఉంటుంది.

పసుపు మంట అంటే, పిన్నుకి బదులు ఎవరో కుట్టుసూది దూర్చి ఉంటారు. బెజ్జం పెద్దదైతే ఆవిరి ఎక్కువ వస్తుంది, దానికి తగ్గ గాలి లాక్కోలేదు. ఇక బాగుపడదు, నిప్పిల్ మార్చాల్సిందే. పాతది జేబులో వేసుకుని వెళ్లి మర చుట్లు పోల్చి కొనండి. పంపు స్టవ్వు నిప్పిల్ కొన్ని ల్యాంపులకి సరిపోతుంది, అన్నిటికీ కాదు. బిగించాక మొదట నీళ్ల సబ్బు రాసి గాలితో బుడగలు వస్తున్నాయేమో చూసి, అప్పుడు కిరసనాయిలు పొయ్యండి.

రాయగడ_బుల్లోడు:
విజీనారం వెళ్లే పని ఉంది నాకు బుధవారం. నిప్పిల్, వాషరు కావాలంటే పాతవి రాయగడ పంపించండి బాబూ, పోల్చి తెస్తాను. పెట్రోలు మాట ఎత్తనులెండి.