కోల్డ్ న్యూట్రాన్ స్పెక్ట్రోమీటర్ ఒక్కటే కడితే ఏది కట్టాలి: ట్రిపుల్ యాక్సిసా, టైమ్ ఆఫ్ ఫ్లైటా?

నాగావళి (శ్రీకాకుళం):
నిన్న ఎమ్మెస్సీ పిల్లలతో మాట్లాడుతుంటే ఈ ప్రశ్న తెగలేదు. న్యూట్రాన్లు పదార్థంతో ఎంత శక్తి ఇచ్చిపుచ్చుకున్నాయో కొలిచేదే స్పెక్ట్రోమీటర్. దేశంలో కొత్తగా ఒక్కదానికే డబ్బుంటే ఏ రకం కట్టాలి? కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను: రియాక్టర్ పక్కన సుమారు 20 కెల్విన్ల ద్రవ హైడ్రోజన్‌లోంచి పోనిస్తే న్యూట్రాన్లు నెమ్మదిస్తాయి. తరంగదైర్ఘ్యం 4 ఆంగ్‌స్ట్రాంల దగ్గర శక్తి 5 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, వేగం సెకనుకు కిలోమీటరు లోపు. అణువుల నింపాది కదలికలు, బలహీనమైన అయస్కాంత తరంగాలు పట్టాలంటే ఇవే కావాలి.

నా ఓటు ట్రిపుల్ యాక్సిస్‌కే: శాంపిల్‌కు ముందూ వెనకా క్రిస్టళ్లతో న్యూట్రాన్ శక్తిని ఎంచే పరికరం. కెనడాలోని చాక్ రివర్‌లో భౌతిక శాస్త్రవేత్త బ్రాక్‌హౌస్ వేసిన బాట, 1994లో నోబెల్ తెచ్చింది. రియాక్టర్ కిరణం ఆగకుండా వస్తుంది. టైమ్ ఆఫ్ ఫ్లైట్ కోసం చాపర్‌తో (కిరణాన్ని తెరిచి మూసే తిరుగుడు చక్రంతో) దాన్ని ముక్కలు చేస్తే నూటికి తొంభై పైగా న్యూట్రాన్లను పారబోసుకున్నట్టే.

గరివిడి కుర్రాడు:
మాస్టారూ, మా ఊరి మాంగనీసు సంగతి గుర్తుచేస్తాను. మాంగనీస్ ఆక్సైడ్‌లో ఎదురెదురు అయస్కాంత అమరిక ఉందని 1949లో షల్, స్మార్ట్ న్యూట్రాన్లతోనే చూపించారు. వాళ్ల చేతిలో ఉన్నది పొడి. మన కాలేజీల్లో మఫిల్ ఫర్నేస్ తప్ప ఏముందండి? మనం చేసేదీ పొడే కదా.

చంపావతి (విజయనగరం):
అసలు సంగతి అదే తమ్ముడూ. ట్రిపుల్ యాక్సిస్ ఒకసారికి ఒక కోణం, ఒక శక్తి మాత్రమే చూస్తుంది. ఎక్కడ చూడాలో ముందే తెలిసుండాలి, చేతిలో మంచి సింగిల్ క్రిస్టల్ (లోపలంతా ఒకే అమరికతో పెరిగిన స్ఫటికం) ఉండాలి. క్రిస్టల్ దొరకడం ఎంత కష్టమో నేను అనుభవించాను. ఒకసారి బీమ్ టైమ్‌కి (పరికరం మీద మనకిచ్చే రోజులకి) పన్నెండు చిన్న క్రిస్టల్స్ తీసుకెళ్లాను. ఒక్కొక్కటీ కందిగింజంత. అన్నీ ఒకే దిక్కుకు తిప్పి అల్యూమినియం రేకు మీద మామూలు జిగురుతో అతికించాను. జిగురు నిండా హైడ్రోజనే. న్యూట్రాన్‌ను దిక్కు లేకుండా చెదరగొట్టడంలో దానికి దాదాపు 80 బార్న్‌ల బలం (బార్న్ అంటే చెదరగొట్టే బలానికి కొలమానం), బరువైన హైడ్రోజన్ అయిన డ్యుటీరియానికి సుమారు 2. నా అయస్కాంత సంకేతమంతా ఆ బ్యాక్‌గ్రౌండ్‌లో మునిగిపోయింది. రెండు రోజులు పోయాయి. ఆ తర్వాత హైడ్రోజన్ లేని ఫ్లోరిన్ జిగురే వాడుతున్నాను.

ఇప్పుడు అదే హైడ్రోజన్‌ను ఇటు తిప్పి చూడండి. నెల్లిమర్ల వైపు మిల్లులకు వచ్చే గోగునారను తడిపితే నీరు పీచులో ఎలా కదులుతుంది, ఎంత నీరు పీచును అంటుకుని ఉండిపోతుంది? ఎక్స్‌రేకు హైడ్రోజన్ దాదాపు కనపడదు, కోల్డ్ న్యూట్రాన్‌కు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. మామూలు నీటికి బదులు భారజలంలో (డ్యుటీరియం నీటిలో) తడిపితే నీటి సంకేతం తగ్గి పీచు కదలికే పైకి వస్తుంది. టైమ్ ఆఫ్ ఫ్లైట్‌లో పికోసెకన్ల (సెకనులో లక్ష కోట్లవ వంతుల) కదలికలు శక్తి గ్రాఫులోని శిఖరం వెడల్పుగా తేలతాయి. 5 ఆంగ్‌స్ట్రాంల న్యూట్రాన్ శాంపిల్ నుంచి 4 మీటర్లు పోవడానికి 5 మిల్లీసెకన్లు పడుతుంది. ఎవరు ముందొచ్చారో, ఎవరు వెనకబడ్డారో చూస్తే ఇచ్చిపుచ్చుకున్న శక్తి తెలుస్తుంది. అన్ని కోణాలూ ఒకేసారి. పొడి, నార, సిమెంటు, ఏదైనా సరే. మాలాంటి జిల్లా కాలేజీలకు తలుపు తెరిచేది ఇదేనని నా గట్టి నమ్మకం.

వంశధార:
మేడం, డిటెక్టర్ల ఖర్చు చూశారా? ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లోని టైమ్ ఆఫ్ ఫ్లైట్ పరికరం ఐఎన్5లో న్యూట్రాన్లను పట్టే హీలియం-3 ట్యూబుల గోడే 30 చదరపు మీటర్లు. ఆ గ్యాస్‌కు ప్రపంచమంతా కటకటే. మధ్యేమార్గం ఉంది. అమెరికాలో ఎన్‌ఐఎస్‌టీ (జాతీయ ప్రమాణాల సంస్థ) వారి మాక్స్ అనే ట్రిపుల్ యాక్సిస్ తరహా పరికరానికి 20 అనలైజర్ చానళ్లు, అంటే చెదిరిన న్యూట్రాన్ల శక్తిని ఎంచే 20 దారులు. కిరణం ముక్కలు కాదు, చాలా కోణాలూ వస్తాయి.

నాగావళి (శ్రీకాకుళం):
మాక్స్ నాకూ నచ్చుతుంది, కానీ అందులోనూ క్రిస్టల్ బాధ పూర్తిగా పోదు. పొడి మాట, నార మాట ఒప్పుకుంటున్నాను చంపావతి గారూ. ఒక్కటి మాత్రం వదలను: అయస్కాంత క్షేత్రం పెట్టి ఒకే కొలత బిందువును ఉష్ణోగ్రత డిగ్రీ డిగ్రీకి మారుస్తూ వెంబడించాలంటే ట్రిపుల్ యాక్సిసే. 5 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర చల్లబరిచిన బెరీలియం ఫిల్టర్ పెడితే కిరణంలో తోడుగా దూరే సగం తరంగదైర్ఘ్యం న్యూట్రాన్ దొంగలు ఆగిపోతారు, గీత శుభ్రంగా వస్తుంది. ఆ శుభ్రత చూసినవాడిని, అందుకే ఇంత పట్టు.

గోగునార శాంపిల్ తయారీ వివరాలు పెట్టండి. ఎంత తడి, ఎంత మందం? పలచగా లేకపోతే న్యూట్రాన్ రెండుసార్లు చెదిరి లెక్క తప్పుతుంది. మా పిల్లలు ఈ వారమే ఎండబెట్టి తూకం వేస్తామంటున్నారు.